యలహంక పచ్చికకు తడి గంటల లెక్క

బెంగళూరులో ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ వాన కురిసేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. ఆ వానలు తగ్గుముఖం పట్టి, రాత్రులు చల్లబడి, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకునే రోజులు మొదలవుతాయి. అప్పుడు ఉత్తర బెంగళూరులోని యలహంకలో అపార్ట్‌మెంట్ల ముందర, విల్లాల పెరళ్లలో, స్కూలు మైదానాల్లో ఒకటే మాట వినబడుతుంది: "లాన్‌లో గుండ్రంగా పసుపు మచ్చలు పడుతున్నాయండీ, ఏం మందు కొట్టాలి?" దుకాణంలో జవాబు సిద్ధంగా ఉంటుంది. ఒక ప్యాకెట్టు ఇస్తారు, ట్యాంకుకు ఇన్ని గ్రాములని చెబుతారు. కొట్టాక కొన్నాళ్లు మచ్చ ఆగినట్టే కనిపిస్తుంది. తర్వాత మళ్లీ వస్తుంది.

ఎందుకు మళ్లీ వస్తుంది? గడ్డికి తెగులు తెచ్చే శిలీంధ్రాలు చాలావరకు బయటినుంచి ఎగిరొచ్చి పడినవి కావు. ఆ నేలలోనే, గడ్డి అడుగున పేరుకున్న ఎండు పొరలోనే ఏడాది పొడవునా బతుకుతుంటాయి. ఎండిపోయిన ఆకునూ వేరునూ కుళ్లబెట్టి మట్టిలో కలపడం వాటి మామూలు పని. ఆ పనిలో ఉన్నన్నాళ్లూ అవి మనకు మేలే చేస్తాయి. ఆకు గంటల తరబడి తడిగా ఉండి, గాలి ఆడక, మొక్క నీరసించి ఉన్నప్పుడు మాత్రం బతికున్న ఆకు మీదికి వస్తాయి. మందు ఆ శిలీంధ్రాన్ని కొంతకాలం అణచగలదు. దానికి దారి ఇచ్చిన తడిని ఏమీ చేయలేదు. పచ్చిక తెగుళ్ల సంగతి అర్థం కావాలంటే ముందు లెక్కపెట్టవలసింది తడి గంటలను.

వరి పండించిన ఇళ్లవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన, పాము చర్మం మీది మచ్చల్లాంటివి పడి పైకి పాకే పాముపొడ తెగులును చూడని రైతు ఉండడు. దానికి కారణమైన శిలీంధ్రం రైజోక్టోనియా సొలాని. యలహంక లాన్‌లో అడుగుల కొద్దీ వెడల్పున గుండ్రటి మచ్చలు వేసేది కూడా అదే జాతి, వేరే తెగ. వరిని కాల్చేసే అగ్గి తెగులుకు కారణమైన పైరిక్యులేరియా ప్రజాతి నుంచి కూడా పచ్చికకు ఒక శత్రువు ఉంది. వెడల్పాకుల సెయింట్ అగస్టిన్ గడ్డి మీద బూడిద రంగు మచ్చలు వేసేది అదే. వరీ గడ్డిజాతి మొక్కే, గరికా గడ్డిజాతి మొక్కే. వాటి జబ్బులు కూడా దాయాదులే.

పాముపొడ ఎప్పుడు ముదురుతుందో రైతుకు తెలుసు. దగ్గర దగ్గరగా నాటి, యూరియా దట్టించి, నీరు నిలవగట్టిన మడిలో ముదురుతుంది. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు నాట్లు వేసేటప్పుడే ప్రతి 2 మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు, అదీ తూర్పు పడమరలుగా. ఆ బాటల గుండా గాలి ఆడుతుంది, ఎండ దుబ్బు మొదటిదాకా దిగుతుంది, తడి ఆరుతుంది. వరికి పట్టే సుడిదోమ ఉధృతి కూడా తగ్గుతుంది. ఇందులో మందు లేదు, ఖర్చు దాదాపు లేదు. పంటను పెంచే పద్ధతితోనే తెగులును అదుపు చేయడమంటే ఇదే. పచ్చిక విషయంలోనూ చేయవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. వరిపొలం చూస్తూ పెరిగి, ఉద్యోగాలకు బెంగళూరు వచ్చి, ఇంటి ముందర లాన్ వేసుకున్న తెలుగువాళ్లు ఈ తెలివిని ఊళ్లోనే వదిలి వచ్చారేమో అనిపిస్తుంది.

పచ్చికలో రైజోక్టోనియాను మొదట గుర్తించిన కథ ఆసక్తికరమైనది. ఫ్యాక్టరీల్లో ప్రతి పనినీ గడియారంతో కొలిచి, పని నిర్వహణను శాస్త్రంగా మలచిన ఫ్రెడరిక్ టేలర్‌కు ఫిలడెల్ఫియాలోని తన ఇంటి దగ్గర గోల్ఫ్ గడ్డి మీద ప్రయోగాలు చేసే అలవాటు ఉండేది. 1914లో ఆయన తోటలోనే ఈ శిలీంధ్రం గడ్డిని చంపుతోందని బయటపడింది. 1919లో పైపర్, కో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. 1932లో మాంటీత్, డాల్ కలిసి పచ్చిక తెగుళ్ల మీద ఒక సమగ్ర గ్రంథమే వెలువరించారు. అప్పట్లో గోల్ఫ్ మైదానాల్లో ప్రధానమైన మందు పాదరసం. తర్వాత కాడ్మియం కూడా తోడైంది. దశాబ్దాలపాటు మనుషులు నడిచే, ఆడుకునే నేల మీద ఆ విషలోహాలను చల్లారు. వాటిని వదిలించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. మందే మొదటి జవాబు అనుకుంటే ఎక్కడికి చేరుతామో ఆ చరిత్ర చూపిస్తుంది.

ఇక తడి గంటలు. ఆకు మీద పలుచటి నీటి పొర ఉంటేనే శిలీంధ్రపు పోగు ఆకుపై పాకి, పత్రరంధ్రం గుండా గానీ కోసిన కొస గుండా గానీ లోపలికి దిగగలదు. ఆ నీటి పొర రెండు మూడు గంటల్లో ఆరిపోతే దాడి సగంలో ఆగిపోతుంది. పది పన్నెండు గంటలు నిలిస్తే పని పూర్తవుతుంది. చల్లని దేశాల గడ్డి జాతుల మీద రైజోక్టోనియా ఎప్పుడు విరుచుకుపడుతుందో చెప్పడానికి నిపుణులు చూసే గుర్తులు కూడా ఇవే: రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కల లేదా అంతకు పైన ఉండటం, ఆకు పది గంటలకు మించి తడిగా ఉండటం.

యలహంకలో నవంబరు నెల ఒక రాత్రిని తీసుకోండి. ఆకాశం నిర్మలంగా ఉంటే రాత్రి తొమ్మిది, పది గంటలకు గడ్డి మీద మంచు మొదలవుతుంది. ఈ ఉత్తర బెంగళూరు ఎత్తు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. చుట్టూ చెరువులు, ఖాళీ నేలలు. ఇంకాస్త ఉత్తరంగా దేవనహళ్లి విమానాశ్రయంలో శీతాకాలపు పొగమంచుకు విమానాలు ఆలస్యం కావడం ఏటా వార్తల్లో చూస్తూనే ఉంటాం. ఆ మంచు మర్నాడు ఉదయం ఎనిమిది, ఎనిమిదిన్నరకు ఎండ తగిలాక ఆరుతుంది. అంటే ఏమీ చేయకపోయినా ఆకు పది, పదకొండు గంటలు తడిగానే ఉంది. ఇప్పుడు తోటమాలి సాయంత్రం ఆరింటికి పైపు పట్టుకుని లాన్ అంతా తడిపాడనుకోండి. తడి ఆరింటి నుంచే మొదలైంది. పద్నాలుగు గంటలు దాటింది. అదే నీటిని తెల్లవారుజామున ఐదింటికి పెడితే? ఆకు అప్పటికే మంచుతో తడిసి ఉంది. కొత్తగా చేరిన తడి గంట ఒక్కటీ లేదు. నీరూ అంతే, గడ్డీ అంతే, సమయం మారింది. తేడా మూడు నాలుగు గంటలు. ఆ గంటలే శిలీంధ్రానికి ప్రాణం.

సాయంత్రం మొక్కలకు నీళ్లు పోయడం మన ఇళ్లలో తరాల అలవాటు. మల్లెకూ తులసికీ మొదట్లో నీళ్లు పోస్తే ఆకులు తడవవు కాబట్టి నష్టం లేదు. పచ్చిక వేరు. అక్కడ మొదలు, ఆకు ఒకేచోట ఉంటాయి. నీళ్లు చల్లితే ఆకే ముందు తడుస్తుంది.

తెల్లవారుజామున గడ్డి కొసల మీద మెరిసే బొట్లన్నీ గాలిలోంచి పడ్డ మంచే అనుకుంటాం. వాటిలో కొన్ని గడ్డి లోపలినుంచి వచ్చినవి. రాత్రివేళ వేర్లు లాగిన నీరు ఆకు కొసల దగ్గరి సన్నని రంధ్రాల నుంచి బయటికి ఊరుతుంది. ఆ బొట్లలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కరిగి ఉంటాయి. శిలీంధ్రానికి అది తడితో పాటు దొరికే తిండి. అందుకే తెల్లవారగానే ఆ బొట్లను రాల్చేయడం చాలా విలువైన పని. పూర్వం గోల్ఫ్ మైదానాల్లో పనివాళ్లు పొడవాటి వెదురు గడలతో గడ్డిని మెల్లగా కొడుతూ మంచు దులిపేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల తాడు లాగుతారు. ఇంటి లాన్‌కు ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని పొడవాటి తాడునో పైపునో గడ్డి మీదుగా ఒకసారి లాగితే చాలు. పెద్ద బొట్టు విరిగి పలుచబడుతుంది, త్వరగా ఆరుతుంది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ నికొలాయ్ పరిశోధనల్లో, గోల్ఫ్ గ్రీన్ల మీద తేలికపాటి రోలర్ తిప్పినచోట డాలర్ స్పాట్ తెగులు తగ్గినట్టు తేలింది. మందు లేకుండా, కేవలం రోలర్‌తో.

డాలర్ స్పాట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. బెంగళూరు వాతావరణం దానికి బాగా సరిపడేది. పొట్టిగా కోసిన గడ్డి మీద ఇది పాత రూపాయి బిళ్లంత వెలిసిపోయిన మచ్చలు వేస్తుంది. లాన్ ఎత్తుగా ఉంటే మచ్చలు అరచేయంత వెడల్పవుతాయి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పొద్దున్నే చూస్తే మచ్చ మీద సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనబడతాయి. ఎండ రాగానే మాయమవుతాయి. ఈ శిలీంధ్రానికి 1937లో బెన్నెట్ అనే శాస్త్రవేత్త స్క్లెరోటీనియా హోమియోకార్పా అని పేరు పెట్టారు. ఆ వర్గీకరణ సరికాదన్న అనుమానం చాలాకాలం నలిగి, చివరికి 2018లో దాన్ని క్లారిరీడియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఇది హాయిగా పెరుగుతుంది. బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ రోజులు పగలూ రాత్రీ ఈ హద్దుల మధ్యే గడుస్తాయి. అమెరికాలో స్మిత్, కెర్న్స్ తదితరులు తయారుచేసిన డాలర్ స్పాట్ అంచనా సూత్రం చూసేది కూడా రెండింటినే: గత ఐదు రోజుల సగటు ఉష్ణోగ్రత, సగటు గాలి తేమ. ఉష్ణోగ్రతను మనం మార్చలేం. గడ్డి దగ్గరి తేమను మాత్రం కొంత మార్చగలం.

ఈ శిలీంధ్రంలో మరో విశేషం ఉంది. మామూలుగా ఇది గాలికి ఎగిరే విత్తన రేణువులను విడుదల చేయదు. దాని పోగులు అంటుకున్న గడ్డి ముక్కల ద్వారానే ఒకచోటినుంచి ఇంకోచోటికి చేరుతుంది. ఆ ముక్కలను మోసేవి చెప్పుల అడుగులు, గడ్డి కోసే యంత్రాలు. యలహంక న్యూటౌన్‌లో ఉదయం ఒక ఇంట్లో గడ్డి కోసిన యంత్రమే పదింటికి పక్క వీధిలో, మధ్యాహ్నం ఇంకో అపార్ట్‌మెంట్‌లో తిరుగుతుంటుంది. మధ్యలో దాన్ని ఎవరూ కడగరు. బ్లేడు అడుగున పేరుకున్న పచ్చి ముద్దను గీకి, నీళ్లతో కడిగి, ఆరబెట్టడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకూ కూలి ఇస్తామని గడ్డి కోసేవాళ్లకు మనమే ముందుగా చెప్పాలి.

రైజోక్టోనియా వేసే పెద్ద మచ్చ తీరు వేరు. కొరియన్ గ్రాస్, మెక్సికన్ గ్రాస్ అని నర్సరీల్లో అమ్మే జోయ్‌సియా జాతుల మీద ఇది ఎక్కువ. అడుగున్నర నుంచి అనేక అడుగుల వెడల్పున గుండ్రంగా వ్యాపిస్తుంది, అంచు నారింజ రంగులో ఉంటుంది. ఆ అంచులో ఒక ఆకును పట్టుకుని లాగి చూడండి. సులువుగా ఊడి వస్తుంది, మొదలు గోధుమ రంగులో కుళ్లి ఉంటుంది. జోయ్‌సియా, గరిక రెండూ వేడిని ఇష్టపడే గడ్డి జాతులు. వానల చివర చల్లబడ్డప్పుడు వాటి పెరుగుదల మందగిస్తుంది, నేల మాత్రం ఇంకా తడిగానే ఉంటుంది. శిలీంధ్రానికి అదే అదను. సరిగ్గా అప్పుడే, గడ్డి పాలిపోయిందని మనం యూరియా చల్లుతాం. మెత్తటి కొత్త ఆకు వస్తుంది, పలుచటి కణగోడలతో. తెగులుకు అంతకన్నా మంచి విందు లేదు. మచ్చ వేగం పెరుగుతుంది.

ఎరువు విషయంలో చిక్కు ఏమిటంటే, అన్ని తెగుళ్లూ ఒకేవైపు మొగ్గవు. నత్రజని ఎక్కువైతే రైజోక్టోనియా, పిథియం అనే మరో తెగులు పెరుగుతాయి. మరీ తక్కువైతే డాలర్ స్పాట్, తుప్పు తెగులు పెరుగుతాయి. కాబట్టి కొంచెం కొంచెంగా, గడ్డి చురుగ్గా పెరిగే నెలల్లో మాత్రమే వేయాలి. జోయ్‌సియాకు వంద చదరపు మీటర్లకు ఏడాది మొత్తానికి అర కిలో నుంచి కిలో దాకా నత్రజని సరిపోతుంది. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి, ఏడాది మొత్తానికి సుమారు కిలో నుంచి రెండు కిలోల యూరియా అన్నమాట. దాన్ని నాలుగైదు విడతలు చేయాలి. కోసిన గడ్డి ముక్కలను నేల మీదే వదిలేస్తే ఈ అవసరంలో చెప్పుకోదగ్గ భాగం తీరిపోతుంది. తెగులు చురుగ్గా ఉన్న రోజుల్లో మాత్రం ముక్కలను ఏరి దూరంగా పారేయాలి.

ఇక్కడ బెంగళూరుకు ప్రత్యేకమైన లెక్క ఒకటుంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో మురుగునీటిని అక్కడికక్కడే శుద్ధిచేసి తోటలకు వాడుతున్నారు. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు వాడకూడదని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా కూడా ప్రకటించింది. ఆ నిర్ణయం సబబైనది, శుద్ధిచేసిన నీరే పచ్చికకు తగిన నీరు. అయితే ఆ నీటిలో ఎరువు కలిసే ఉంటుందని చాలామంది మరచిపోతారు. ఉదాహరణకు లీటరుకు 10 మిల్లీగ్రాముల నత్రజని ఉన్న నీటిని తీసుకుందాం. వంద చదరపు మీటర్ల లాన్‌కు వారానికి 25 మిల్లీమీటర్ల చొప్పున పెడితే 2,500 లీటర్లు. అందులో నత్రజని 25 గ్రాములు. ఏడాదిలో ముప్పై వారాలు ఇలా తడిపితే 750 గ్రాములు. జోయ్‌సియాకు ఏడాదికి కావలసినదంతా నీటితోనే అందిపోయింది. దానిపైన సంచి విప్పి చల్లే యూరియా అంతా శిలీంధ్రం కోసమే. మీ శుద్ధి యంత్రం నీటి పరీక్ష నివేదికలో నత్రజని అంకె ఎంతో చూసి, ఆ తర్వాతే ఎరువు కొనండి. ఆ నివేదికలోనే సోడియం కూడా చూడాలి. అది ఎక్కువైతే మట్టి కణాలు విడిపోయి నేల బిగుసుకుంటుంది, నీరు ఇంకదు, పైనే నిలుస్తుంది.

నీరు ఎంత అన్నది ఇంకో ప్రశ్న. రోజూ కాస్త కాస్త చిలకరిస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి, ఆకు మాత్రం రోజూ తడుస్తుంది. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, వేరు లోతుదాకా దిగేలా పెట్టడం మేలు. మీ స్ప్రింక్లర్ ఎంత పోస్తోందో తెలుసుకోవడానికి నిటారు అంచుల స్టీలు గ్లాసులు లాన్‌లో అక్కడక్కడా పెట్టి, పావుగంటయ్యాక స్కేలుతో కొలవండి. ఒకచోట 3 మిల్లీమీటర్లు, ఇంకోచోట 12 మిల్లీమీటర్లు పడటం మామూలే. ఆ 12 పడినచోటే తెగులు మొదలవుతుంది. వాన పడ్డ వారం ఆటోమేటిక్ టైమర్‌ను ఆపేయడం మరవకండి. కుండపోతగా వాన కురుస్తుంటే పక్కనే స్ప్రింక్లర్లు తిరుగుతుండటం ఈ నగరంలో కనిపించే దృశ్యమే, చూస్తే బాధ కలుగుతుంది.

కోత దగ్గరికి వస్తే, ఒకసారి కోసినప్పుడు ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదన్న నియమం ఉంది. దీని వెనుక 1955లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించిన ఫ్రాంక్లిన్ క్రైడర్ పరిశోధన ఉంది. సగానికి మించి ఆకు కోసేసిన గడ్డిలో వేర్ల పెరుగుదల కొన్నాళ్లపాటు ఆగిపోయినట్టు ఆయన చూపించారు. వేరు ఆగిన మొక్క తెగులును తట్టుకోలేదు. నెలకోసారి వచ్చి, కంకులు వేసిన గడ్డిని నేలమట్టంగా గొరిగి వెళ్లడం వల్ల జరిగేది ఇదే. ఇంటి లాన్‌ను ఒకటిన్నర, రెండు అంగుళాల ఎత్తున ఉంచి, వానాకాలంలో వారానికోసారి కోస్తే చాలు. బ్లేడు పదునుగా ఉండాలి. మొద్దు బ్లేడు ఆకును కోయదు, చీలుస్తుంది. చీలిన కొస తెల్లగా ఎండి, శిలీంధ్రానికి వాకిలి అవుతుంది. తడి గడ్డిని కోస్తే ముక్కలు ముద్దగా అంటుకుని తెగులును మోస్తాయి. అందుకే తెగులున్న లాన్‌ను ఆరాకే కోయాలి, అన్నిటికన్నా చివర కోయాలి.

నేల సంగతి ఇంకా ముఖ్యమైనది. యలహంక సహజమైన నేల ఎర్రమట్టి, నీరు బాగానే ఇంకుతుంది. కానీ ఇల్లు కట్టాక మిగిలేది ఆ మట్టి కాదు. పైమట్టి ఎత్తుకుపోతారు, లారీలు తిరిగి అడుగు గట్టిపడుతుంది, సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, చెక్క పేళ్లు అక్కడే పూడ్చేస్తారు. దానిపైన నాలుగంగుళాల మట్టి పోసి, కార్పెట్ లాన్ పరుస్తారు. ఆ కార్పెట్ కడియం నర్సరీల నుంచి వచ్చినా, బెంగళూరు చుట్టుపక్కల తోటల నుంచి వచ్చినా, అది పెరిగిన మట్టి పలుచటి పొరగా దాంతోనే వస్తుంది. పైన జిగురు మట్టి, కింద ఇసుక అయితే నీరు ఆ రెండింటి మధ్య ఆగిపోతుంది. వేరు కిందికి దిగదు. ఒక స్క్రూడ్రైవర్‌ను తడి లాన్‌లో గుచ్చి చూడండి. ఆరంగుళాలు సులువుగా దిగకపోతే నేల బిగుసుకుందని అర్థం. అప్పుడు గుల్ల సూదులున్న యంత్రంతోనో, చిన్న లాన్ అయితే గడ్డపారతోనో దగ్గర దగ్గరగా రంధ్రాలు చేసి, పలుచగా ఇసుక నింపాలి. ఈ పని మే, జూన్ నెలల్లో, గడ్డి పెరుగుదల జోరుగా ఉన్నప్పుడు చేయాలి. చలికాలంలో చేస్తే మానదు. చిన్నస్వామి స్టేడియంలో 2017లో మైదానం కిందినుంచి నీటిని లాగి గాలిని పంపే సబ్‌ఎయిర్ యంత్రాలు బిగించారు. కోట్ల రూపాయల ఆ ఏర్పాటు చేసే పని కూడా నేలను ఆరబెట్టి వేరుకు గాలి అందించడమే. మన పెరట్లో గడ్డపార అదే పనిని చిన్న ఎత్తున చేస్తుంది.

గడ్డికీ మట్టికీ మధ్య పేరుకునే ఎండు పొరను కూడా చూడాలి. చాకుతో ఒక చిన్న ముక్క కోసి తీస్తే గోధుమ రంగు స్పాంజిలా కనబడుతుంది. అర అంగుళం దాకా మంచిదే, కాలి తొక్కిడిని ఓర్చుకుంటుంది. అంతకు మించితే అది శిలీంధ్రాలకు కాపురం. వేర్లు మట్టిలోకి దిగకుండా అందులోనే చుట్టుకుంటాయి. ఇనుప పళ్ల రేక్‌తో గట్టిగా గీరి తీసేయాలి. చాలామంది దాని మీదే పచ్చి పేడ ఎరువు పోస్తారు. సరిగా చివకని ఎరువు వేసినచోట వానకు పుట్టగొడుగులు లేస్తాయి, వలయాలుగా కూడా. ఆ వలయాల అంచున గడ్డి ముదురు ఆకుపచ్చగా ఎందుకుంటుందో జపాన్‌లోని షిజువోకా విశ్వవిద్యాలయంలో కవాగిషి బృందం పరిశోధించి, గడ్డిని పెంచే ఒక పదార్థాన్ని ఆ శిలీంధ్రం నుంచే 2010లో వేరుచేసింది. చూడటానికి అందంగా ఉన్నా ఆ పుట్టగొడుగులను ఎట్టి పరిస్థితుల్లోనూ తినకూడదు. లాన్లలో లేచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ తింటే తీవ్రమైన వాంతులు, విరేచనాలు అవుతాయి. పిల్లలు ఆడుకునే చోట వాటిని పొద్దున్నే పీకి పారేయాలి.

ఎండ గురించి రెండు మాటలు. పచ్చికకు రోజంతా పడే ఎండలో ఉదయపు ఎండే విలువైనది, తడిని ఆరబెట్టేది అదే. తూర్పు వైపు పది అంతస్తుల భవనం లేచిన లాన్‌లో మంచు పదకొండు దాకా ఆరదు. గరిక జాతులు నీడను అసలు సహించవు, జోయ్‌సియా కొంత నయం. తూర్పు వైపు చెట్ల కింది కొమ్మలు తీయించడం, దట్టమైన కంచె మొక్కల మధ్య సందులు చేయడం చాలాచోట్ల సగం జబ్బును తగ్గిస్తాయి. అప్పటికీ గడ్డి నిలవని నీడలో గడ్డి కోసం పంతం పట్టడం అనవసరం. అక్కడ నీడను ఇష్టపడే వేరే మొక్కలు వేసుకోవాలి.

మందులు పూర్తిగా వద్దని నేననను. కానీ ఏ తెగులో తెలియకుండా కొట్టిన మందు కొన్నిసార్లు తెగులునే పెంచుతుంది. దుకాణాల్లో ఎక్కువగా చేతికిచ్చే కార్బెండజిమ్‌నే తీసుకోండి. వానాకాలంలో పల్లపు చోట్ల గడ్డి నూనె పూసినట్టు నల్లబడి, పొద్దున్నే దూది లాంటి బూజు కనబడితే అది పిథియం. శాస్త్రీయంగా అది నిజమైన శిలీంధ్రమే కాదు, నీటి బూజుల తెగకు చెందినది. కార్బెండజిమ్ దాన్ని ఏమీ చేయదు. పైగా దానితో పోటీపడే ఇతర శిలీంధ్రాలను చంపి దారి సుగమం చేస్తుంది. గరిక మీద బైపోలారిస్ వేసే ఆకుమచ్చ మీద కూడా అది పనిచేయదు. డాలర్ స్పాట్ శిలీంధ్రం ఈ కోవ మందులను తట్టుకోవడం 1970ల్లోనే నేర్చుకుంది. ఇక గరిక ఆకులు పూర్తిగా తెల్లబడి గుబురుగా పొట్టిగా మారితే అది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి పని, దీపపు పురుగుల జాతి కీటకాలు మోసేది. శిలీంధ్రపు మందుకు అది లొంగదు, ఆ భాగాన్ని తవ్వి తీసేయాలి. వాన తర్వాత గడ్డి మీద బూడిద చల్లినట్టు కనిపించే జిగురు బూజు గడ్డికి హాని చేయదు, చీపురుతో ఊడిస్తే పోతుంది.

కాబట్టి మందు కొనేముందు తెగులు పేరు తెలియాలి. యలహంక వాసులకు ఇందులో ఒక అదృష్టం ఉంది. బళ్లారి రోడ్డు పక్కనే వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ఆవరణ ఉంది, అందులో మొక్కల తెగుళ్ల విభాగం ఉంది. పడమరగా హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. ఏటా నవంబరులో జీకేవీకేలో జరిగే కృషి మేళాకు రైతులు బారులు తీరుతారు, లాన్ ఉన్న నగరవాసులు కూడా వెళ్లి అడగవచ్చు. నమూనా తీసుకెళ్లేటప్పుడు మచ్చ నడిమధ్య నుంచి చచ్చిన గడ్డి తీసుకెళ్తే లాభం లేదు. అక్కడ అసలు శిలీంధ్రం పని ముగించి పోయి ఉంటుంది. సగం పచ్చగా, సగం పసుపుగా ఉన్న అంచు నుంచి అరచేయంత ముక్కను రెండంగుళాల మట్టితో సహా కోసి, కాగితంలో చుట్టి, అదేరోజు తీసుకెళ్లాలి. మందు కొట్టకముందే తీయాలి.

నివాసుల సంఘాల వాళ్లకు ఒక విన్నపం. మీ తోట కాంట్రాక్టులో మందుల పద్దు కింద రాసిన డబ్బును ఈ ఏడాది వేరేగా ఖర్చు చేసి చూడండి. తోటమాలి తెల్లవారుజామున రావడానికి అదనపు కూలి, యంత్రం కడగడానికి సమయం, రెండు నెలలకోసారి బ్లేడు సాన, మే నెలలో ఒకసారి నేలకు రంధ్రాలు, తూర్పు కొమ్మల కత్తిరింపు. ఆ మాలికి ఎందుకు చేస్తున్నామో ఆయన భాషలో, ఓపికగా వివరించండి. ఆయనకు తెలియకుండా ఏ పచ్చికా బాగుపడదు. ఇవన్నీ ఒక్కసారిగా కుదరకపోతే ఒక్కటి చేయండి: ఇవాళ సాయంత్రమే స్ప్రింక్లర్ టైమర్ దగ్గరికి వెళ్లి, ఆరు గంటల సాయంత్రపు తడుపును తెల్లవారుజాము ఐదుకు మార్చండి.